లైటు ఆరింది సరే, ఆయిల్ మారిందా?

సంపాదకులకు నమస్కారం.

కారు డ్యాష్‌బోర్డు మీద సర్వీసు గడువు లైటు వెలిగితే దాన్ని ఎలా ఆర్పాలో చెప్పే చిట్కాలు పత్రికల వాహన పేజీల్లో, వీడియోల్లో తరచూ కనబడుతున్నాయి. ఫలానా బటన్ నొక్కి పట్టుకోండి, తాళం తిప్పండి, లైటు పోతుంది అని నాలుగు ముక్కల్లో తేల్చేస్తున్నారు. చెప్పిన ఆ నాలుగు ముక్కలూ చాలావరకు నిజమే. చెప్పకుండా వదిలేసిన వాటివల్లే ఇంజన్లు పాడవుతున్నాయి. కార్ల మరమ్మతు పనిలో ఉన్నవాళ్లం కాబట్టి ఆ వదిలేసిన భాగాన్ని మీ పాఠకుల ముందు పెట్టాలని ఈ ఉత్తరం రాస్తున్నాం. కాస్త పొడవైంది. వీలైతే కుదించకుండా వేయమని మనవి, ఎందుకంటే మధ్యలో ఒక మెట్టు తీసేస్తే మిగిలినది తప్పుదారి పట్టిస్తుంది.

ముందు ఏ లైటు గురించి మాట్లాడుతున్నామో తేల్చుకోవాలి. పానా గుర్తు, "సర్వీస్" అనో "మెయింటెనెన్స్ రిక్వైర్డ్" అనో అక్షరాలు, ఆయిల్ లైఫ్ ఇంత శాతం అన్న అంకె, ఇవి గడువును గుర్తుచేసేవి. పసుపురంగు ఇంజన్ బొమ్మ వేరు. అది చెక్ ఇంజన్ లైటు. ఇంజన్ కంప్యూటరు ఏదో లోపాన్ని పట్టుకుని కోడు రాసుకున్నాక వెలుగుతుంది. అదే లైటు వెలుగుతూ ఆరుతూ ఉంటే ఏదో సిలిండర్‌లో మంట సరిగా పుట్టడం లేదని, మండని పెట్రోలు వెళ్లి, పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను కాల్చేస్తోందని అర్థం. ఎర్రటి నూనెడబ్బా బొమ్మ ఇంకా వేరు. అది ఆయిల్ ప్రెజర్ పడిపోయిందని చెప్పే లైటు. అది వెలిగితే బండిని పక్కకు తీసి వెంటనే ఇంజన్ ఆపేయాలి. "సర్వీసు లైటే కదా, వచ్చే వారం చూద్దాం" అనుకుని ఆ ఎర్ర లైటుతో నడిపితే క్రాంక్ షాఫ్ట్ బేరింగులు పట్టేస్తాయి. ఇంకో చిక్కు కూడా ఉంది. పానా గుర్తు అన్ని కంపెనీలకూ ఒకే అర్థం ఇవ్వదు. చాలా ఫోర్డ్ కార్లలో పసుపురంగు పానా వెలిగిందంటే సర్వీసు గడువు కాదు, ఇంజన్‌లోనో గేరుబాక్సులోనో లోపం ఉందని. కాబట్టి లైటు ఆర్పే పద్ధతి వెతికే ముందు, మీ బండి మాన్యువల్‌లో ఆ గుర్తు పక్కన ఏం రాసి ఉందో చదవాలి.

ఇక అసలు సంగతి. చాలామంది ఆ లైటు ఆయిల్‌ను పరీక్షించి చెబుతోందని నమ్ముతారు. ఎక్కువ కార్లలో అది ఆయిల్‌ను చూడనే చూడదు, లెక్క పెడుతుంది అంతే. ఆ లెక్క పెట్టడంలో రెండు రకాలున్నాయి. మొదటి రకం ఒట్టి దూరం లెక్క. ఉత్తర అమెరికాలో అమ్మిన అనేక టొయోటాలలో సర్వీసు లైటు 4,500 మైళ్లకు, అంటే దాదాపు 7,200 కి.మీ.కు, కాసేపు మెరిసి హెచ్చరిస్తుంది, 5,000 మైళ్లకు నిలకడగా వెలుగుతుంది. ఆ దూరం ఎండలో తిరిగారా, ట్రాఫిక్‌లో తిరిగారా, పదేళ్లు పట్టిందా అన్నది దానికి తెలియదు. రెండో రకం అంచనా లెక్క. జనరల్ మోటార్స్ ఆయిల్ లైఫ్ పద్ధతి ఇంజన్ ఎన్ని చుట్లు తిరిగింది, ఎంత వేడి మీద తిరిగింది అన్నవి కలిపి శాతం తగ్గించుకుంటూ పోతుంది. హోండా మెయింటెనెన్స్ మైండర్ కూడా ఇదే దారి. 15 శాతానికి దిగగానే సర్వీసు దగ్గర పడిందని, 5 శాతానికి ఇప్పుడే చేయించమని, సున్నా దాటాక గడువు మీరి ఎంత దూరం నడిపారో చెబుతుంది.

రెండో రకం మెరుగైనదే, ఎందుకు మెరుగో ఒక చిన్న లెక్క చూస్తే తెలుస్తుంది. ఇంజన్ ఊరికే ఆన్‌లో ఉంటే నిమిషానికి సుమారు 800 చుట్లు తిరుగుతుంది, గంటకు 48,000. హైవే మీద 2,000 చుట్ల దగ్గర గంటకు 80 కి.మీ. వేగంతో పోయే బండి అన్ని చుట్లు 24 నిమిషాల్లో తిరిగేస్తుంది, ఆలోగా 32 కి.మీ. దాటుతుంది. అంటే ఏసీ వేసుకుని గంటసేపు నిలబెట్టిన బండి మీటరు మీద ఒక్క కిలోమీటరు కూడా చూపించదు, ఇంజన్ మాత్రం చుట్ల లెక్కన 32 కి.మీ. పని చేసింది. దూరం మాత్రమే లెక్కపెట్టే లైటుకు ఈ పని కనబడదు.

అయితే రెండు రకాలకూ ఉమ్మడిగా ఒక గుడ్డితనం ఉంది. ఇంజన్‌లో ఆయిల్ ఎంత ఉందో ఆ లెక్కకు తెలియదు. లెవెల్ సెన్సర్ విడిగా ఉన్న బండ్లు ఉన్నాయి, అది వేరే ఏర్పాటు. శాతం లెక్క మాత్రం చాంబర్, అంటే ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి, ఖాళీగా ఉన్నా రీసెట్ చేయగానే 100 చూపిస్తుంది. 1,000 కి.మీ.కు అర లీటరు దాకా ఆయిల్ ఖర్చు సహజమేనని రాసుకున్న కంపెనీలు ఉన్నాయి. ఆ లెక్కన 15,000 కి.మీ. గడువు పూర్తయ్యేలోపు ఏడున్నర లీటర్లు మండిపోవచ్చు. మామూలు నాలుగు సిలిండర్ల ఇంజన్‌లో పట్టేదే మూడు నుంచి ఐదు లీటర్లు. అన్ని బండ్లూ అంత తాగవు. తాగే బండి యజమాని మాత్రం లైటు వెలిగేదాకా బానెట్ ఎత్తకపోతే, గడువు లైటు కంటే ముందు ఆ ఎర్ర నూనెడబ్బాను చూస్తాడు. ఆ ఎర్ర లైటు సాధారణంగా ఆయిల్ ప్రెజర్ అర బార్ (ప్రెజర్ కొలమానం) లోపుకు పడ్డాకే వెలుగుతుంది, అప్పటికే బేరింగులకు ఆయిల్ అందడం లేదు.

అందుకే మా మాట ఒక్కటే. రీసెట్ చేయడమంటే "పని అయిపోయింది" అని మనం బండికి చెప్పడం. బండికి దాన్ని సరిచూసుకునే దారి లేదు. మన మాట నమ్మి కొత్త లెక్క మొదలుపెడుతుంది. కాబట్టి పని ముందు, రీసెట్ తర్వాత. పని కాకుండా రీసెట్ చేస్తే ఎంత నష్టమో, పని అయ్యాక రీసెట్ మరిచిపోతే దాదాపు అంతే నష్టం.

ఆ పని ఏమిటో, ఎక్కడ తప్పుతుందో కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే చిట్కాల్లో ఈ భాగమే ఉండదు. సమతలంగా ఉన్న చోట బండి పెట్టి, ఇంజన్‌ను గోరువెచ్చగా అయ్యేదాకా నడిపి ఆపాలి. చల్లటి ఆయిల్ చిక్కగా ఉండి మురికిని లోపలే వదిలేస్తుంది, బాగా కాగిన ఆయిల్ చేయి కాలుస్తుంది. బండి కిందకు దూరాల్సి వస్తే జాకీ ఒక్కదాన్ని నమ్ముకోకూడదు, స్టాండ్లు పెట్టాలి. పైన ఆయిల్ మూత తీసి, కింద డ్రెయిన్ బోల్టు విప్పి, ధార తగ్గి చుక్కలు పడేదాకా ఆగాలి. బోల్టు తిరిగి బిగించేటప్పుడు రాగి లేదా అల్యూమినియం వాషర్ కొత్తది వేయాలి. అది నలిగి సందు మూయడానికే ఉంది, ఒకసారి నలిగినది రెండోసారి సరిగా మూయదు. పాత వాషర్‌తో కారుతోందని బోల్టును మరింత బిగిస్తారు, అల్యూమినియం చాంబర్‌లో మర పోతుంది. చాలా చాంబర్లు పాడయ్యేది ఇలాగే. బిగింపు ఎంతో మాన్యువల్ చెబుతుంది, బిగింపును కొలిచే టార్క్ పానాతో అంతే బిగించాలి.

ఫిల్టర్ దగ్గర జరిగే తప్పు ఇంకా ప్రమాదం. పాత ఫిల్టర్ విప్పినప్పుడు దాని రబ్బరు రింగు ఒక్కోసారి ఇంజన్‌కే అతుక్కుపోతుంది. చూసుకోకుండా కొత్తది బిగిస్తే రింగు మీద రింగు పడుతుంది. ఇంజన్ స్టార్ట్ చేయగానే ప్రెజర్‌కు ఆ రెండూ పక్కకు జారి, నిమిషంలోపే ఆయిల్ మొత్తం నేల మీదకు వచ్చేస్తుంది. కొత్త రింగుకు వేలితో కాస్త ఆయిల్ రాసి, ఫిల్టర్‌ను చేత్తో తిప్పుతూ రింగు తగిలాక సాధారణంగా ముప్పావు చుట్టు బిగిస్తే చాలు. పానా పెట్టి బిగించిన ఫిల్టర్‌ను తర్వాతి సర్వీసులో విప్పడానికి రేకు చీలాల్సి వస్తుంది. ఆయిల్ మార్చి ఫిల్టర్ వదిలేసి లైటు రీసెట్ చేయడం కూడా చూస్తుంటాం. ఫిల్టర్ నిండిపోతే లోపలి బైపాస్ వాల్వు తెరుచుకుంటుంది. ఇంజన్‌కు ఆయిల్ ఆగకూడదని చేసిన ఏర్పాటది, మంచిదే. కానీ అప్పటినుంచి వడకట్టని ఆయిలే తిరుగుతుంది, లైటుకు అదీ తెలియదు.

ఆయిల్ గ్రేడు మాన్యువల్ చెప్పినదే వేయాలి. 0డబ్ల్యూ-20 అని ఉంటే 0డబ్ల్యూ-20, 5డబ్ల్యూ-30 అని ఉంటే అదే. చిక్కదనం ఒక్కటే సరిపోదు, కంపెనీ ఆమోదపు ముద్ర కూడా చూడాలి. జనరల్ మోటార్స్ డెక్సోస్, ఫోక్స్‌వ్యాగన్ 504 00 లాంటివి అవే. లైటు వెనక ఉన్న లెక్కను ఆ ఆయిల్ ఎంతకాలం తట్టుకుంటుందో చూసి రాశారు. వేరే ఆయిల్ పోస్తే ఆ శాతానికి అర్థం లేదు.

పోసేది కూడా కొలత ప్రకారమే. మాన్యువల్‌లో ఫిల్టర్‌తో కలిపి ఎంతో ఉంటుంది, అందులో అర లీటరు తక్కువగా పోసి, ఇంజన్ ఒక నిమిషం నడిపి ఆపి, ఐదు పది నిమిషాలాగి గేజీ కడ్డీ తుడిచి ముంచి చూడాలి. చాలా బండ్లలో కడ్డీ మీద కింది గీతకూ పై గీతకూ మధ్య తేడా లీటరుకు అటూ ఇటూ ఉంటుంది. పై గీతకు కాస్త కిందుగా ఆపాలి. ఎక్కువైతే మంచిదేగా అనుకుంటారు, కాదు. మట్టం పెరిగితే తిరిగే క్రాంక్ షాఫ్ట్ ఆయిల్‌ను కవ్వంలా చిలుకుతుంది, నురగ పడుతుంది. గాలి నిండిన నురగను పంపు తోయలేదు, ప్రెజర్ పడిపోతుంది. మిగులు ఆయిల్ బ్రీదర్ గొట్టంలోంచి గాలి దారిలోకి వెళ్లి నీలిపొగగా బయటికొస్తుంది.

ఇంత అయ్యాకే రీసెట్. పద్ధతి బండిని బట్టి, మోడల్ సంవత్సరాన్ని బట్టి మారుతుంది. ఎక్కువ బండ్లలో ఒక నియమం ఉమ్మడిగా ఉంటుంది: ఇగ్నిషన్ ఆన్, ఇంజన్ ఆఫ్. తాళం చెవి ఉన్న బండిలో స్టార్ట్ కాకముందు, లైట్లన్నీ వెలిగే చోట ఆపాలి. బటన్ స్టార్ట్ బండిలో బ్రేక్ పెడల్ మీద కాలు పెట్టకుండా బటన్ నొక్కాలి. చాలావాటిలో ఒకసారికి రేడియో వరకు, రెండోసారికి పూర్తి ఇగ్నిషన్ వస్తుంది. కొన్నింటిలో కొన్ని క్షణాలు నొక్కి పట్టుకోవాలి. అలవాటుగా బ్రేక్ తొక్కితే ఇంజన్ స్టార్ట్ అవుతుంది, రీసెట్ జరగదు. ఎక్కువమంది తప్పేది ఇక్కడే.

టొయోటాలో మీటరు మీద స్క్రీను మెనూ లేని మోడళ్లకు ఇలా. ఇగ్నిషన్ ఆన్ చేసి మీటరును "ట్రిప్ A" దగ్గరకు తేవాలి, "ట్రిప్ B" కాదు, మొత్తం దూరం చూపే ఓడో కాదు. ఇగ్నిషన్ ఆపాలి. ట్రిప్ బటన్ నొక్కి పట్టుకునే, వదలకుండా, మళ్లీ ఇగ్నిషన్ ఆన్ చేయాలి. మీటరులో గీతలు ఒక్కొక్కటే తగ్గుతూ చివరికి సున్నాలు పడతాయి, లైటు ఆరుతుంది. గీతలు పూర్తికాకముందే వేలు తీస్తే మొదటినుంచి మళ్లీ చేయాలి. హోండాలో మెయింటెనెన్స్ మైండర్ ఉన్న చాలా మోడళ్లలో సెలెక్ట్-రీసెట్ బటన్‌తో ఆయిల్ లైఫ్ అంకె తెచ్చుకుని, పది సెకన్లకు పైగా నొక్కితే అంకె మెరుస్తుంది, ఆపైన మరో ఐదు సెకన్లు నొక్కితే 100 శాతానికి వస్తుంది. షెవ్రొలే లాంటి జనరల్ మోటార్స్ బండ్లలో చాలావాటికి బటనే అక్కర్లేదు. ఇగ్నిషన్ ఆన్, ఇంజన్ ఆఫ్‌లో యాక్సిలరేటర్‌ను అడుగంటా తొక్కి వదలడం ఐదు సెకన్లలో మూడుసార్లు చేయాలి. సగం తొక్కులు లెక్కలోకి రావు. కొన్ని ఫోర్డ్ మోడళ్లలో బ్రేకు, యాక్సిలరేటర్ రెండూ కలిపి పూర్తిగా తొక్కి పట్టాలి. కొన్ని క్షణాలకు రీసెట్ మొదలైందని, దాదాపు 25 సెకన్లకు పూర్తయిందని మాట వస్తుంది, అప్పటిదాకా కాలు కదపకూడదు. హ్యుందాయ్, కియా, నిసాన్ కొత్త మోడళ్లలో స్టీరింగ్ బటన్లతో సెట్టింగుల్లోకి వెళ్లి సర్వీసు ఇంటర్వల్ లేదా మెయింటెనెన్స్ అన్న చోట రీసెట్ ఉంటుంది. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. వీటిలో గడువు దూరాన్ని మనమే మార్చుకునే వీలు ఉండొచ్చు. రీసెట్ చేయబోయి 10,000ను 20,000 చేసి పెట్టినవాళ్లున్నారు. రీసెట్ అయ్యాక ఆ అంకెను మరోసారి చూసుకోవాలి.

ఫోక్స్‌వ్యాగన్, స్కోడాలది విడిగా చెప్పాల్సిన సంగతి. ట్రిప్ బటన్ ఉన్న పాత మోడళ్లలో ఇగ్నిషన్ ఆఫ్‌లో ఆ బటన్ పట్టుకుని, ఇగ్నిషన్ ఆన్ చేసి, బటన్ వదిలి, మళ్లీ ఒకసారి నొక్కాలి. టచ్ స్క్రీను ఉన్న చాలావాటిలో కారు సెట్టింగుల్లో సర్వీస్ అన్న చోట ఉంటుంది. వీటిలో ఆయిల్ మార్పిడికి ఒక లెక్క, తనిఖీకి ఒక లెక్క. ఒకటి రీసెట్ చేస్తే రెండోది ఆరదు. "చేశాం, మళ్లీ వచ్చింది" అని చాలామంది అనేది దీన్నే. వీటిలో కొన్ని బండ్లకు లాంగ్‌లైఫ్ అనే సాగే గడువు ఉంది, నడిపే తీరును బట్టి గరిష్ఠంగా 30,000 కి.మీ. లేదా రెండేళ్ల దాకా పోతుంది. అలాంటి పాత మోడల్‌ను చేతి బటన్‌తో రీసెట్ చేస్తే అది 15,000 కి.మీ. లేదా ఏడాది గడువుకు మారిపోతుంది. బండి చెడిపోలేదు, లెక్క పద్ధతి మారింది. నిజానికి వేడిలో, దుమ్ములో, చిన్న చిన్న దూరాలకు తిరిగే బండికి ఆ తక్కువ గడువే నయమని మా అభిప్రాయం.

బీఎండబ్ల్యూలో ఒక్కో పనికి ఒక్కో లెక్క ఉంటుంది: ఇంజన్ ఆయిల్, ముందు బ్రేక్ ప్యాడ్లు, వెనక ప్యాడ్లు, బ్రేక్ ఆయిల్, వాహన తనిఖీ. ఏ పని చేశామో దాన్నే ఎంచుకుని రీసెట్ చేయాలి. ప్యాడ్ల లెక్క రీసెట్ కావడం లేదంటే ముందు ప్యాడ్ సెన్సర్ చూడండి. ప్యాడ్ అరిగి డిస్కు సెన్సర్‌ను తాకితే అందులోని తీగ తెగిపోతుంది. తెగిన తీగతో ఎన్నిసార్లు నొక్కినా బండి ఒప్పుకోదు, సెన్సర్ మార్చాల్సిందే. బ్రేక్ ఆయిల్ గడువు తేదీతో నడుస్తుంది కాబట్టి బ్యాటరీ మార్చాక గడియారం, తేదీ సరిచేయకుండా రీసెట్ చేస్తే తర్వాతి గడువు తప్పు తేదీకి పడుతుంది.

బ్యాటరీ తీగ విప్పి పెడితే లైటు పోతుందన్న సలహా ఎక్కడ చదివినా నమ్మవద్దు. ఎక్కువ బండ్లలో గడువు లెక్క కరెంటు లేకపోయినా చెరగని మెమరీలో ఉంటుంది. ఎంతసేపు విప్పినా తిరిగి తగిలించగానే లైటు అక్కడే ఉంటుంది. పోయేవి వేరే ఉన్నాయి: గడియారం, కొన్ని బండ్లలో రేడియో కోడు, అద్దాలు ఒక్క నొక్కుతో ఎక్కే ఏర్పాటు, బండి నిలబడి ఉన్నప్పుడు ఇంజన్ నిలకడగా తిరిగేందుకు నేర్చుకున్న సర్దుబాట్లు. బండి కొన్నాళ్లు వణకొచ్చు, దానికి కారణం వెతుకుతూ ఇంకో బిల్లు. స్టీరింగ్ కింద 16 పిన్నుల సాకెట్‌కు తగిలించే చవక ఓబీడీ (బండి లోపాల కోడ్లు చదివే) పరికరాలు కూడా చాలావరకు ఈ లైటును ఆర్పలేవు. అవి ఇంజన్ కంప్యూటరులోని లోపాల కోడ్లు చెరిపేందుకు చేసినవి. గడువు లెక్క ఎక్కువగా మీటరు యూనిట్‌లోనో, కంపెనీ సొంత భాషలోనో ఉంటుంది. పైగా వాటితో "క్లియర్" నొక్కితే గడువు లైటు ఆరదు సరికదా, నిజమైన లోపం ఏదైనా ఉంటే దాని కోడు, ఆ క్షణంలో ఇంజన్ స్థితి వివరాలు, కాలుష్య నియంత్రణ పరీక్షల ఫలితాలు అన్నీ చెరిగిపోతాయి. తర్వాత చూసే మెకానిక్‌కు ఆధారం మిగలదు.

పని అయ్యాక రీసెట్ మరిచిపోవడం గురించి పైన అన్నాం. 8,000 కి.మీ. గడువు బండికి 6,000 దగ్గరే ఆయిల్ మార్చి రీసెట్ చేయలేదనుకుందాం. మరో 2,000కే లైటు వెలుగుతుంది. యజమాని కొత్త ఆయిల్‌ను పారబోయించుకుంటాడు, లేదా "ఇది ఉత్తినే వెలుగుతుంది" అని నిర్ణయించుకుని ఆ తర్వాత నిజంగా వెలిగినప్పుడు కూడా పట్టించుకోడు. రెండోదే ఎక్కువ జరుగుతుంది. దీనికి తిరగబడిన తప్పు, ఎవరో మీటరు బటన్లతో ఆడుతూ 4,000 దగ్గర రీసెట్ చేసేయడం. అప్పుడు లైటు 12,000కు గానీ వెలగదు.

పొగ వడపోత డబ్బా, అంటే డీపీఎఫ్, ఉన్న డీజిల్ బండ్లలో ఈ పట్టింపు రెట్టింపు ఉండాలి. ఆ డబ్బాలో చేరిన మసిని కాల్చడానికి ఇంజన్ ఒక్కోసారి అదనంగా డీజిల్ చల్లుతుంది. అందులో కొంత సిలిండర్ గోడల వెంట జారి ఆయిల్‌లో కలుస్తుంది. బండిని మధ్యలోనే ఆపేస్తూ ఆ కాల్చే పని పూర్తికానివ్వకపోతే మళ్లీ మళ్లీ చల్లుతుంది, ఆయిల్ పలచబడుతుంది. గేజీ కడ్డీ మీద మట్టం తగ్గడానికి బదులు పెరుగుతుంది. కొన్ని డీజిల్ బండ్ల కంప్యూటర్లు ఈ కల్తీని అంచనా కట్టి గడువుకు ఎంతో ముందే ఆయిల్ మార్చమంటాయి. అది కంపెనీ డబ్బు గుంజే ఎత్తని అనుకుని రీసెట్ కొట్టేవాళ్లు, పలచబడ్డ ఆయిల్ మీద టర్బోను తిప్పుతున్నారు. ఇలాంటి బండికి తక్కువ బూడిద మిగిల్చే సీ తరగతి ఆయిలే వాడాలి, లేకపోతే డబ్బా బూడిదతో పూడుకుపోతుంది. ఆ బూడిద కాలి పోయేది కాదు.

లైటు వెలగలేదు కాబట్టి బండికి ఏ పనీ లేదనుకోవడం కూడా పొరపాటే. ఏడాదికి 3,000 కి.మీ. తిరిగే బండిలో దూరం లెక్క లైటు రెండున్నరేళ్ల దాకా వెలగదు. అలాంటి బండి ఆయిల్ పరిస్థితి ఎక్కువ తిరిగే బండి కంటే ఘోరంగా ఉండొచ్చు. మూడు నాలుగు కిలోమీటర్ల ప్రయాణాల్లో ఆయిల్ పూర్తిగా వేడెక్కదు, అందులో చేరిన నీటి తడి, పెట్రోలు ఆవిరైపోయే అవకాశం రాదు. ఆయిల్ మూత లోపల మీగడలాంటి తెల్లటి పొర కనబడేది ఎక్కువగా ఇందుకే. జనరల్ మోటార్స్ తన శాతం లెక్క ఏం చూపినా ఏడాదికి ఒకసారి తప్పక మార్చమంటుంది. బ్రేక్ ఆయిల్ గాలిలోని తడిని పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగదు, 3.7 శాతం నీరు చేరితే ఆ హద్దు 155కు పడిపోతుంది. ఘాట్ రోడ్డు దిగుతూ బ్రేకులు కాగితే లోపల ఆవిరి బుడగలు పుట్టి పెడల్ మెత్తగా నేలకు దిగిపోతుంది. దీన్ని గుర్తుచేసే లెక్క అన్ని బండ్లలో లేదు. టైమింగ్ బెల్టు సంగతి కూడా అంతే. చాలా ఇంజన్లలో అది తెగితే వాల్వులు పిస్టన్లకు కొట్టుకుని వంగిపోతాయి, ముందు ఏ లైటూ వెలగదు. హోండా లాంటి బండ్లలో కోడు రూపంలో కొంత చెబుతారు. "A" అంటే ఆయిల్ మార్పు; "B" అంటే ఆయిల్, ఫిల్టర్ మార్పు, బ్రేకుల తనిఖీ. పక్కన అంకెల్లో 1 అంటే టైర్లను ఒక చోటినుంచి మరో చోటికి మార్చి బిగించడం, 2 గాలి ఫిల్టర్లు, 3 గేరు ఆయిల్, 4 స్పార్క్ ప్లగ్గులూ వాటితో వచ్చే పనులూ, 5 కూలెంట్, అంటే ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం. రీసెట్ చేస్తే ఆ కోడు కూడా పోతుంది కాబట్టి ముందే దాన్ని ఫోటో తీసి పెట్టుకోవాలి. "B1" చూపించిన బండికి "A" కోడు పనులు మాత్రమే చేసి రీసెట్ చేసేస్తే బ్రేకులు చూసే అవకాశం మరో గడువు దాకా రాదు.

మరమ్మతు పనివాళ్లకు, మాతో సహా, ఇది కూడా చెప్పాలి. ఆయిల్ మార్చిన ప్రతి బండికీ ఓడోమీటరు అంకె, తేదీ, ఆయిల్ గ్రేడు, పోసిన లీటర్లు, ఫిల్టర్ నంబరు బిల్లు మీద రాయాలి. డ్రైవరు తలుపు చట్రం మీద చిన్న స్టిక్కరు అంటించాలి. రీసెట్‌ను యజమాని కళ్లముందే చేయాలి, చేసే ముందు గేజీ కడ్డీ తీసి మట్టం చూపించాలి. రెండు నిమిషాల పని. యజమానులు అడిగితే విసుక్కునేవాళ్లు ఉంటే ఆ చోటు మార్చుకోవడం మేలు.

పాత కారు కొనేవాళ్లు డ్యాష్‌బోర్డు మీద ఆయిల్ లైఫ్ 100 శాతం చూసి సంతోషించవద్దు. అమ్మేముందు బటన్ నొక్కడానికి అర నిమిషం చాలు. గేజీ తీసి ఆయిల్ రంగు, మట్టం చూడండి, మూత విప్పి లోపల నల్లటి జిడ్డు ముద్దలున్నాయేమో చూడండి, ఫిల్టర్ మీద తేదీ రాసి ఉందేమో చూడండి. సర్వీసు బిల్లులోని ఓడోమీటరు అంకెకూ ఇప్పటి అంకెకూ తేడా ఎంతో, ఆ తేడాకు శాతం పొసుగుతుందో లేదో లెక్కేయండి. పొసగకపోతే, కొన్న రోజే ఆయిలూ ఫిల్టరూ మార్పించి, అప్పుడు మీ చేత్తో మీరే రీసెట్ చేసుకోండి.

భవదీయులు,
కార్ల మరమ్మతు పనివారు కొందరు